భరిణె లోపలే ఉంది పనితనం

ఏటికొప్పాక: కుంకుమ భరిణె కొనేవారు ముందు చూసేది రంగు. ఆ తర్వాత నునుపు. మూత తీసి లోపల వేలు పెట్టి తడిమి చూసేవారు తక్కువ. కానీ భరిణె తయారీలో పనివాడికి చెమట పట్టించేది పైన కనిపించే రంగు కాదు, లోపలి బోలు. బయటి పనిలో ఉలి జారితే ఒక గీత పడుతుంది. ఇంకో పట్టు పడితే ఆ గీత పోతుంది. లోపలి పనిలో ఉలి కరుచుకుంటే భరిణె రెండు చెక్కలవుతుంది. అంతవరకూ ఆ ముక్క మీద పెట్టిన పని అంతా పొట్టులో కలిసినట్టే. ముక్కకు ఇంత అని కూలి కట్టే చోట పగిలిన ముక్కకు కూలి రాదు.

అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం మండలంలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక పేరు లక్క బొమ్మల వల్ల దేశమంతా తెలిసింది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. సహజ రంగుల వాడకాన్ని మళ్ళీ నిలబెట్టిన ఈ ఊరి సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరినవి ఈ బొమ్మలే. శకటాల పోటీలో దానికి మూడో స్థానం కూడా దక్కింది. పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగుల గురించి, మొగలి ఆకుతో తెచ్చే మెరుపు గురించి చాలామందికి తెలుసు. ఆ మెరుపుకు ముందు కొయ్యను తొలిచే ఉలి ఒకటుందన్న సంగతి మాత్రం అంతగా ఎవరికీ పట్టదు. భరిణెలే కాదు, ఆడపిల్లల లక్కపిడతలు, పసివాళ్ళ గిలక్కాయలు, చిన్న చిన్న గిన్నెలు అన్నీ ఆ ఉలి లోపలికి వెళ్ళి వస్తేనే తయారవుతాయి.

తాడు పోయి మోటారు వచ్చింది

వెనకటి రోజుల్లో కొయ్యను చేతితో తిప్పే తరిమెన ఉండేది. ఒకరు తాడు లాగుతుంటే కొయ్య ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేది. ఉలి వైపు తిరిగినప్పుడు మాత్రమే కోత పడేది. వెనక్కి తిరిగినప్పుడు పనివాడు ఉలిని ఒత్తకుండా తేలికగా పట్టుకునేవాడు. పని నెమ్మదిగా సాగేది, కానీ దానిలో ఒక మేలుంది. ఉలి మొద్దుబారితే తాడు లాగే మనిషి చేతికి వెంటనే బరువు తెలిసేది. పదును పోయిందని ఇద్దరిలో ఎవరో ఒకరు ఆగేవారు.

మోటారుకు చెయ్యి నొప్పి పుట్టదు. ఉలి మొద్దుబారినా అదే వేగంతో తిప్పుతుంది. 3 అంగుళాల ముక్క నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుందనుకుంటే, దాని అంచు సెకనుకు సుమారు 20 అడుగులు పరుగెత్తుతుంది. అంటే సెకనుకు 25 చుట్లు. ఉలి కరుచుకున్నదని మనిషికి తెలిసి చెయ్యి వెనక్కి తీసేలోపు ముక్క నాలుగైదు చుట్లు తిరిగేసి ఉంటుంది. అందువల్ల కరుచుకున్న తర్వాత చేసేదేమీ ఉండదు. కరుచుకోకుండా చూసుకోవడమే. అప్పుడు తాడు లాగేవాడి చెయ్యి చెప్పిన సంగతిని ఇప్పుడు చెవి, కన్ను, పట్టుకున్న పిడి చెప్పాలి.

అంకుడు స్వభావం

ఏటికొప్పాక బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. కొమ్మ నరికితే పాలు కారతాయి. కర్ణాటకలోని చన్నపట్నం బొమ్మలకూ పేరు తెచ్చింది ఈ చెట్టే. మన కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి వేరు, అక్కడి పని కూడా చేతి చెక్కుడే తప్ప లేతు మీద తిప్పేది కాదు.

అంకుడు కొమ్మను దుంగ ముక్కలుగా కోసి లేతు తలకున్న గిన్నెలో ఒక చివర దిగగొట్టి తిప్పుతారు. కాబట్టి నార ముక్క పొడవునా ఉంటుంది. భరిణె నోరు తొలవడమంటే గడ్డి మోపును చివరి నుంచి తొలవడం వంటిది. ఇక్కడే కొత్తవాళ్ళు పొరపాటు పడతారు. అంచు నుంచి మధ్యకు ఉలి తెస్తే నార తెగకుండా లేస్తుంది, లోపల గరుకుగా కుక్క కొరికినట్టు కనిపిస్తుంది. మధ్య నుంచి అంచుకు తీసుకువెళితే కోస్తున్న ప్రతి నారకూ దాని పక్కనే ఇంకా ఎత్తైన నార దన్నుగా నిలుస్తుంది. కోత నున్నగా వస్తుంది. పలక చెక్కతో అడ్డంగా బిగించి చేసే పెద్ద గిన్నెలకు పద్ధతి తలకిందులు. అక్కడ అంచు నుంచి మధ్యకే రావాలి. రెండు పనులూ చేసేవారు ముక్కను బిగించేటప్పుడే నార ఎటు ఉన్నదో ఒకసారి చూసుకోవాలి.

కొమ్మ నడిమధ్యలో మెత్తని బెండు ఉంటుంది. మొదటి బెజ్జం అక్కడే వేయడం సులువు. ఆ బెజ్జం ఎంత లోతు వేయాలో అంత దగ్గర ఉలి కాడ మీద రంగుతో గీత పెట్టుకోవడమో, గుడ్డ పీలిక చుట్టుకోవడమో చేయాలి. అంచనా మీద వదిలేస్తే అడుగు పలచబడిపోతుంది. చివర కోసి విడదీసేటప్పుడు అడుగున చిల్లు కనిపిస్తుంది. అలాగని అడుగు మరీ మందంగా వదిలినా చిక్కే. లోపల మిగిలిన బెండు చుట్టూ నక్షత్రంలాగా పగుళ్ళు వస్తాయి.

గునపం లెక్క

ఉలిని ఆనించే కమ్మీని లేతు పనివాళ్ళు రెస్టు అంటారు. బయటి పనిలో రెస్టును ముక్కకు వేలెడు దూరంలో పెట్టవచ్చు. లోపలి పనిలో అది కుదరదు. ఉలి మొన లోపలికి వెళ్ళేకొద్దీ రెస్టుకు దూరమవుతుంది. ఇది రాయిని గునపంతో ఎత్తడం వంటి వ్యవహారమే, అయితే తిరగబడిన గునపం. పిడితో కలిపి 24 అంగుళాల ఉలి అనుకుంటే, మొన రెస్టుకు 4 అంగుళాలు అవతల ఉన్నప్పుడు ఇవతల 20 అంగుళాలు మన చేతిలో ఉంటుంది. మొన దగ్గర పడే బలానికి అయిదో వంతు పెడితే చాలు. అదే మొన 8 అంగుళాలు లోపలికి వెళితే ఇవతల మిగిలేది 16. ఇప్పుడు సగం బలం పెట్టాలి. కాడ వంగడం ఇంకా ఘోరం. రెస్టుకు అవతలి పొడవు రెట్టింపైతే అదే ఒత్తిడికి కాడ ఎనిమిది రెట్లు వంగుతుంది. వంగిన కాడ అదురుతుంది. అదిరిన ఉలి గోడ మీద మెట్లు మెట్లుగా గీతలు పెడుతుంది.

కాబట్టి లోతు పనికి పిడి పొడవుగా, కాడ లావుగా ఉండాలి. చిన్న భరిణెలకు చాలిన ఉలినే పెద్ద డబ్బాలకు వాడి, చెయ్యి గట్టిగా పడితే సరిపోతుందనుకోవడం ప్రమాదం. వీలైతే రెస్టును కూడా నోటి లోపలికి కొంత జరపాలి. జరిపిన ప్రతిసారీ మోటారు ఆపి, ముక్కను చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నాకే స్విచ్ వేయాలి.

మొన ఎత్తు కూడా ముఖ్యమే. గీకే రకం ఉలి మొన ముక్క మధ్యగీతకు వెంట్రుకంత పైన ఉండేలా, పిడి మొన కన్నా కాస్త ఎత్తులో ఉండేలా పట్టాలి. అలా పడితే ఉలి కరుచుకున్నా మొన కిందికి జారి ఖాళీలోకి పోతుంది. మధ్యగీతకు కింద పెడితే జారిన మొన గోడలోకి దిగుతుంది. అదే పగులుకు దారి.

నోరు చిన్నదిగా, పొట్ట పెద్దదిగా ఉండే చెంబు ఆకారాలకు మొన వంచిన ఉలి కావాలి. ఈ వంపు ఉలికి ఒక దుర్గుణం ఉంది. మొన కాడకు సూటిగా ఉండదు గనక, కొయ్య దాన్ని కిందికి తోసినప్పుడు కాడ చేతిలో మెలి తిరుగుతుంది. రెస్టు మీద ఎప్పుడూ కాడలోని తిన్నని భాగమే ఆనాలి. వంపు భాగం రెస్టు మీదికి వచ్చిందంటే పట్టు తప్పినట్టే. ముందు తిన్నటి ఉలితో తీయగలిగినంతా తీసేసి, మూలల్లో మిగిలిన కొయ్యకు మాత్రమే వంపు ఉలిని వాడితే మంచిది.

ఇంకొకటి పొట్టు. బయటి పనిలో పొట్టు దానంతటది రాలిపోతుంది. లోపలి పనిలో బోలు లోపలే కుక్కుకుపోయి ఉలి మొనను మింగేస్తుంది. నాలుగు పట్లకోసారి మోటారు ఆపి పొట్టు దులపాలి. తిరుగుతుండగా వేలు పెట్టి తీయాలని చూసినవారి వేలు ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పదును ఎప్పుడు పెట్టాలి

పదును పోయిందని తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కరలేదు. పదునైన ఉలి కింద పొట్టు పొరలుగా, చుట్టలుగా వస్తుంది. మొద్దుబారితే పిండిలా రాలుతుంది. పిండి కనిపించిందంటే ఉలి కోయడం లేదు, రాస్తోందని అర్థం. రాపిడికి కొయ్య వేడెక్కి వాసన వస్తుంది. చప్పుడు మారుతుంది. అన్నిటికన్నా మించి, పనివాడు తనకు తెలియకుండానే ఉలిని ఎక్కువ ఒత్తుతాడు. ఆ ఒత్తిడే కరుచుకోవడానికి కారణం. అందుకే ఒక్క భరిణెకు రెండుసార్లు నూరవలసి వచ్చినా నూరాలి. పైగా ఆ పిండి ముక్కుల్లోకి పోతుంది. మూతికి గుడ్డ కట్టుకోవడం మేలు.

గీకే ఉలికి అంచు ఏటవాలు నిలువుకు దగ్గరగా, 70, 80 డిగ్రీల మధ్య ఉంటే చాలు. తిరిగే సానరాయి మీద దాన్ని పట్టినప్పుడు పై అంచున వెంట్రుకవంటి సన్నని కొక్కెం లేస్తుంది. వేలిగోరు ఆనిస్తే తెలుస్తుంది. నిజానికి కొయ్యను తీసేది ఆ కొక్కెమే. అది అరిగిపోగానే ఉలి పని అయిపోయినట్టు. దొప్పలా వంపు ఉన్న ఉలికి పద్ధతి వేరు. ఏటవాలు ఇంకా పలచగా ఉండాలి, నూరిన తర్వాత నూనె రాయి మీద లోపల, బయట రెండు రుద్దులు రుద్ది కొక్కెం తీసేయాలి.

సానరాయి దగ్గర జరిగే పెద్ద తప్పు తొందర. గట్టిగా అదిమితే ఉలి అంచు వేడెక్కుతుంది. మామూలు కార్బన్ ఉక్కు అయితే ముందు గడ్డి రంగు, తర్వాత నీలం రంగు తిరుగుతుంది. నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయింది. ఎంత నూరినా పదును నిలవదు. ఆ నీలం భాగమంతా నెమ్మదిగా అరగదీసి పారేయడమే గతి. అందుకని ఈ రకం ఉలిని తేలికగా ఆనించి, మాటిమాటికీ నీళ్ళలో ముంచాలి. హైస్పీడ్ స్టీలు ఉలి సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. అది రంగు మారినా గట్టిదనం కోల్పోదు. వేడి మీద దాన్ని నీళ్ళలో ముంచితేనే కంటికి కనిపించని పగుళ్ళు వస్తాయి. గాలికి చల్లారనివ్వాలి. చేతిలో ఉన్నది ఏ ఉక్కో తెలియకుండా నూరడం మొదలుపెట్టడం వల్లే మంచి ఉలులు పాడవుతాయి.

సానరాయి కొత్తది బిగించే ముందు వేలాడదీసి కర్రతో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. అది తిరుగుతూ విరిగితే మీదికి వస్తుంది. రాయి తిరగడం మొదలైన కాసేపు ఎదురుగా కాక పక్కన నిలబడాలి. కళ్ళకు అద్దాలు లేకుండా సాన దగ్గరకు పోకూడదు.

పాత ఆకురాయి, పిడి పొన్ను

అరిగిపోయిన ఆకురాయిని కమ్మరి దగ్గర సాగగొట్టించి ఉలి చేయించుకోవడం పల్లెల్లో మామూలే. ఖర్చు తక్కువ, ఉక్కు మంచిదే. అయితే ఆకురాయి గాజులాంటిది. గట్టిదనం ఉంది, సాగే గుణం లేదు. ఆకురాయిగా ఉన్నదాన్ని ఉన్నట్టే మొన మాత్రం నూరి లోపలి పనికి వాడితే, కరుచుకున్నప్పుడు పుల్లలా విరిగి ఎగురుతుంది. కొలిమిలో కాల్చి మెత్తబరిచి, రూపం తీర్చి, మొనకు మళ్ళీ నీరు పెట్టించి, ఆ తర్వాత గడ్డి రంగు వచ్చే దాకా వేడి చేసి ఆ పెళుసుదనం తీయించాలి. తెలిసిన కమ్మరి ఈ నాలుగు పనులూ చేస్తాడు. తెలియనివాడి దగ్గర చేయించిన ఉలిని బయటి పనికి వాడుకోవచ్చు గానీ బోలు లోపలికి పంపకూడదు.

ఉలి తోక పిడిలోకి దిగే చోట ఇనప పొన్ను బిగువుగా ఉండాలి. రోకలి పొన్ను వదులైతే శబ్దం చెబుతుంది. ఉలి పొన్ను వదులైతే మొన అదురుతుంది, పనివాడు తప్పు కొయ్య మీదికి నెడతాడు. నెలకోసారైనా పిడి పట్టుకుని కాడను ఊపి చూడటం మంచిది. రెస్టు పై అంచున ఉలి కొట్టిన గాట్లు పడితే ఆకురాయితో సమం చేయాలి. గాటులో పడిన ఉలి సాఫీగా జరగదు, ఎగిరెగిరి పడుతుంది.

పచ్చి అంకుడు మీద పనిచేస్తే పాలు ఉలికి అంటుకుని జిగురు కడుతుంది. గుడ్డతో తుడిచి నూనె రాయాలి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్ళలో ఒక్క రాత్రి వదిలేసినా సన్నని అంచు మీద తుప్పు లేస్తుంది.

మూత బిగువు

భరిణె మంచిదా కాదా అనేది చివరకు మూత చెబుతుంది. ముందు మూత లోపలి భాగం తొలిచి, తర్వాత దానికి సరిపడేలా భరిణె మెడ దించడం సులువైన వరస. బోలు కొలత మార్చడం కష్టం, బయటి మెడను వెంట్రుకంత చొప్పున దించుకుంటూ పోవచ్చు. మూత లోపలి గోడ నిటారుగా ఉండాలి. లోపలికి వెళ్ళేకొద్దీ వెడల్పైనా, సన్నబడినా మూత ఒకేచోట తగిలి నిలుస్తుంది. నాలుగు రోజులు వాడేసరికి వదులవుతుంది.

ఎంత బాగా తొలిచినా ముక్క పచ్చిదైతే ఆ బిగువు నిలవదు. కొయ్య ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా ముడుచుకోదు. చుట్టుకొలత వెంట వచ్చే ముడుపు, మధ్య నుంచి అంచుకు వచ్చే ముడుపుకు సుమారు రెట్టింపు ఉంటుంది. గుండ్రటి కొమ్మ ఎండలో పడేస్తే చేను నెర్రెలిచ్చినట్టు పగలడం అందుకే. బెండు నడిమధ్యలో లేని కొమ్మతో చేసిన గుండ్రటి భరిణె కొన్నాళ్ళకు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. గుండ్రటి మూత దానికి పట్టదు. అందువల్ల ముక్కను నీడన ఆరబెట్టాలి. తొందర ఉంటే గోడ మందంగా వదిలి ముందు మోటుగా తొలిచి, కొన్ని వారాలు ఆరనిచ్చి, రెండోసారి కొలతకు తేవాలి. బెండు పోయి, గోడ పలచబడుతుంది గనక ఆ ముక్క త్వరగా ఆరుతుంది, పగుళ్ళూ తక్కువ. వానాకాలం చేసిన మూత ఎండాకాలం కాస్త వదులు కావడం మాత్రం ఎవరూ ఆపలేరు.

గోడ ఎంత మందం ఉంచాలన్నది పని మీద ఆధారపడి ఉంటుంది. పైన లక్క కడ్డీని ఒత్తి పట్టి రాపిడి వేడికి కరిగించాలి. గోడ కాగితంలా ఉంటే ఆ ఒత్తిడికి వంగి ఊరుకోదు, చిట్లుతుంది. చూపుకు తేలికగా ఉండాలని గోడను మరీ సన్నం చేయడం పనితనం అనిపించుకోదు.

కరెంటు పోయినప్పుడు

పల్లెల్లో లేతు పనికి ఉన్న ఒక ప్రమాదం పట్నపు వర్కుషాపుల్లో అంతగా కనిపించదు. పని మధ్యలో కరెంటు పోతుంది. ఉలి బోలు లోపలే ఉంటుంది. పనివాడు దాన్ని అలాగే వదిలి మంచినీళ్ళకు లేస్తాడు. హఠాత్తుగా కరెంటు వస్తుంది. లోపల ఉన్న ఉలి ఎటు ఎగురుతుందో చెప్పలేం. కరెంటు పోగానే చేయవలసిన మొదటి పని స్విచ్ ఆపడం, రెండో పని ఉలి బయటికి తీయడం. ఆ తర్వాతే లేవడం. భుజం మీది తువ్వాలు, చొక్కా చేతులు, ఆడవాళ్ళ విషయంలో కొంగు, జడ తిరిగే కొయ్యకు అందకుండా చూసుకోవడం ప్రతి పూటా గుర్తుండవలసిన సంగతి.

పగిలిన భరిణె నష్టం పనివాడి కూలితో ఆగదు. అంకుడును మొదలుకు కాస్త పైన నరికితే మోడు మళ్ళీ చిగురిస్తుంది. కానీ ఆ చిగురు భరిణెకు చాలేంత లావు కావడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా అడవి నుంచి వచ్చే ప్రతి ముక్కా లెక్కలోకి వస్తుంది.

నేర్చుకునే కుర్రాళ్ళకు మొదటే మంచి ముక్క ఇవ్వనక్కరలేదు. పగుళ్ళిచ్చి పక్కన పడేసిన వాటిలో గట్టిగా ఉన్న చివరలు చాలు. నాలుగైదు తొలిపించి, ఒక్కొక్కదాన్నీ రంపంతో నిలువునా రెండుగా కోయించి చూపాలి. గోడ ఎక్కడ మందం, ఎక్కడ పలచన, అడుగు ఎంత మిగిలింది, మూలలో ఉలి ఎక్కడ ఎగిరింది అన్నీ కంటికి కనిపిస్తాయి. వాటిలో బాగా వచ్చిన ఒక చెక్కను లేతు పక్క గోడకు మేకుతో కొట్టి ఉంచితే, తర్వాతి ముక్కకు కొలత దాని మీదే చూసుకోవచ్చు.